ఆటస్థలమునకు ఏ మన్ను మంచిది?

నల్లమల పాదమున నున్న అచ్చంపేట ప్రాంతము 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. నేడు నాగర్‌కర్నూల్ జిల్లాలోనిది. ఇచ్చట ఎఱ్ఱని చెల్క నేలలును, నల్లని రేగడి నేలలును గలవు. ఎండిన చెల్కపై పడిన బాలుని మోకాలు చీరుకొనును. వానకు తడిసిన రేగడిలో కాలు దిగబడును. రెంటికిని విరుగుడు పచ్చికయే. కాని పచ్చిక నిలుచుట క్రింది మన్నును బట్టి యుండును.

మన్నులో 2 మి.మీ. మొదలు 0.05 మి.మీ. వరకు గల కణములు ఇసుక, 0.002 మి.మీ. వరకు గలవి ఒండ్రు; అంతకన్న చిన్నవి బంకమన్ను. పెద్ద కణముల నడుమ సందులు పెద్దవి; వాని గుండా నీరు దిగి గాలి ప్రవేశించును. చిన్న సందులు నీటిని పట్టి యుంచును. గరిక వేళ్లకు రెండును కావలెను.

రేగడిలో నాలుగు తట్టల ఇసుక కలిపిన చాలునని పలువురు తలతురు. అది సరికాదు. కొద్దిపాటి ఇసుక రేణువులు బంకమన్నులో విడివిడిగా చిక్కుకొనును. సందులను బంకమన్నే పూడ్చివేయును. రేణువులు ఒకదానికొకటి తగులునంత అధికముగా నున్నప్పుడే నీటికి దారి ఏర్పడును. అందుచేతనే అమెరికా గాల్ఫ్ సంఘము 1960లో ప్రకటించిన పద్ధతిలో ఇసుకయే ప్రధానము. ఆ సంఘపు నేటి నియమముల ప్రకారము బంకమన్ను నూటికి 3 పాళ్లకు మించరాదు. గంటకు కనీసము 150 మి.మీ. నీరు దిగవలెను.

ఈ పరీక్షను పాఠశాలలోనే చేయవచ్చును. ఒకే కొలత గల మూడు డబ్బాల అడుగున రంధ్రములు చేసి, గుడ్డ పరచుడు. చెల్క, రేగడి, ఇసుక హెచ్చుగా గల మిశ్రమము వేర్వేరుగా ఒకే ఎత్తున నింపుడు. చెమ్మగా నున్నప్పుడు ఒకే బరువును ఒకే ఎత్తునుండి పదిసార్లు విడిచి అదుముడు. ఈ పని మానరాదు. గుల్లగా నున్నప్పుడు మన్ను నీటిని సులభముగా దింపును; ఆటగాండ్ర పాదముల క్రింద అణగిన పిమ్మటనే దాని గుణము బయటపడును. బాగుగా తడిసిన తరువాత, మన్నుపై నీటిమట్టమును సమముగా నిలుపుచు, 20 నిమిషములు కారిన నీటిని అదే కొలత గల ఖాళీ డబ్బాలో పట్టుడు. దానిలో 50 మి.మీ. నిలిచినచో, గంటకు 150 మి.మీ. అన్నమాట.

అయితే వేగమొక్కటే చాలదు. వట్టి ఇసుక త్వరగా ఎండును. ఈ మెట్ట ప్రాంతపు వేసవిలో పచ్చిక మాడిపోవును. కనుక చివికిన ఎరువు కొంత కలిపి, పొడిగా నున్నప్పుడు ఒకసారియు, నీరు కారుట ఆగిన పిమ్మట మరియొకసారియు తూచవలెను. పెరిగిన బరువే మన్ను దాచుకొన్న నీరు.

క్రికెట్ పిచ్చికి మాత్రము బంకమన్ను హెచ్చుగా గల మన్నే కావలెను. చుట్టి అదిమి ఆరనిచ్చినచో అది గట్టిపడి బంతిని లేపును. కావున ఒకే మైదానమున పిచ్చికి ఒక మన్ను, చుట్టును వేరొక మన్ను. బండ్లతో మన్ను తోలించుటకు ముందే డబ్బాలతో పరీక్షించినచో పాఠశాల సొమ్మును, పిల్లల మోకాళ్లును దక్కును.