8, 9, 10, 11: మూసీ ఒడ్డు భిక్షువుల లెక్క

బహదూర్‌పురా నుంచి మూసీ వెంట తూర్పుకు పోతే హైదరాబాద్‌లోని చైతన్యపురి. అక్కడ ఏటి ఒడ్డున నరసింహస్వామి గుడి ఉన్న గుట్ట మీద, బండపై ఒక ప్రాకృత శాసనం ఉంది. సుమారు 5వ శతాబ్దం నాటిది, విష్ణుకుండినుల కాలం. 1591 నాటి చార్మినార్ కంటే వెయ్యేళ్లకు పైగా పాతది. అందులో గోవిందరాజ విహారం పేరు, పిండపాతిక భిక్షువుల ప్రస్తావన కనిపిస్తాయి.

పిండపాతికులంటే ఇల్లిల్లూ తిరిగి అడుక్కున్నదే తినేవాళ్లు. బౌద్ధంలో ధుతాంగాలనే కఠిన నియమాలు 13 ఉన్నాయి. ఇది వాటిలో ఒకటి. దాత ప్రత్యేకంగా విందుకు పిలిచినా పోకూడదు. పులుసైనా, చప్పిడి అన్నమైనా పడిందల్లా ఒకే పాత్రలో కలిసిపోతుంది.

తిండి మీద ఇంత పట్టింపు ఎందుకంటే, దాని వెనక 12 లంకెల గొలుసు ఉంది: ప్రతీత్యసముత్పాదం. 7వది వేదన, నాలుకకు తగిలిన రుచి లాంటిది. 8 తృష్ణ, మళ్లీ కావాలనిపించడం. 9 ఉపాదానం, అది లేనిదే గడవదని పట్టుకు వేలాడటం. 10 భవం, ఉనికి. 11 పుట్టుక. 12 ముసలితనం, చావు. రుచి తగలకుండా ఆపలేం, 7 దగ్గర ఎవరూ చేయగలిగింది లేదు. 8కి జారకుండా చూసుకోవడమే సాధన, దానికే ఆ పాత్ర.

మరి మళ్లీ పుట్టేదెవరు? బౌద్ధులు ఆత్మను ఒప్పుకోరు. ఒక దీపంతో మరొకటి వెలిగించినట్టు దేహం, మనసు కలిసిన 5 స్కంధాల ప్రవాహం సాగుతుందంటారు. చావుకూ పుట్టుకకూ మధ్య విరామమే లేదని థేరవాదులు, 49 రోజుల దాకా పట్టొచ్చని టిబెట్ వాళ్లు.

థేరవాద లెక్కలో పుట్టే చోట్లు 31. దుర్గతులు 4, మనుషులది 1, తక్కిన 26 దేవ, బ్రహ్మ లోకాలు. సుఖమైన చోట్లే ఎక్కువ, కానీ ఏదీ శాశ్వతం కాదు. ఇంద్రుడుండే త్రయస్త్రింశ స్వర్గంలో ఆయుష్షు 3.6 కోట్ల ఏళ్లు. అదీ చాలనివాడొకడు ఉన్నాడు. జగ్గయ్యపేట స్తూపం పలక మీద చెయ్యెత్తిన చక్రవర్తి చుట్టూ నాణేల వాన కురుస్తుంటుంది. ఆయన మాంధాత అంటారు. జాతక కథలో ఆయన ఇంద్రుడితో స్వర్గ రాజ్యాన్ని చెరిసగం పంచుకుని 36 మంది ఇంద్రులు మారేదాకా ఏలాడు. హెచ్చవేస్తే దాదాపు 130 కోట్ల ఏళ్లు! అప్పటికీ సగం చాలక, ఉన్న ఇంద్రుణ్ని చంపి మొత్తం తనే ఏలాలనుకున్నాడు. ఇంద్రుడికేం కాలేదు. ఆ కోరికకు ఆయుష్షు కరిగి, ముసలితనం మీదపడి, మాంధాత తన రాజోద్యానంలోకి జారి చచ్చిపోయాడు.