యాజ్ఞవల్క్యుని గోవులు – మైత్రేయి ప్రశ్న

ధనము హేయమని చెప్పుట సులభము. కాని బృహదారణ్యకోపనిషత్తును మనము శ్రద్ధగా పరిశీలించినచో విషయ మంత తేలికగా తోచదు. జనకుని యజ్ఞమునందు వేయి గోవులు నిలిచియున్నవి. ఒక్కొక్కదాని కొమ్ములకు పది పాదముల బంగారము కట్టబడినది. బ్రహ్మిష్ఠుడు వాటిని తోలుకొనిపోవచ్చునని రాజు ప్రకటింపగా, వాదము మొదలుకాకమునుపే శిష్యుడైన సామశ్రవుని పిలిచి గోవులను తోలుమన్నవాడు యాజ్ఞవల్క్యుడు! మరియొక పర్యాయము, గోవులకొరకు వచ్చితిరా, సూక్ష్మవిచారమునకా యని జనకుడడుగగా, రెండింటికొరకునని నిస్సంకోచముగా పలికెను. మనలో ఎందర మంత సూటిగా ఒప్పుకొందుము?

అట్టి మహర్షి గృహస్థాశ్రమమును విడువదలచి, తన సొత్తును భార్యలైన మైత్రేయీ కాత్యాయనులకు పంచబూనెను. మైత్రేయి తన వాటా ఎంతయని అడుగలేదు. ధనపూర్ణమైన భూమియంతయు తనదైనను అమృతత్వము సిద్ధించునా యని అడిగెను. కలిగినవారి జీవనమువంటి జీవనము లభించును గాని, అమృతత్వమునకు ఆశ లేదని ఆయన ఉన్నదున్నట్లు చెప్పెను.

ఇచ్చట మనము తొందరపడరాదు. ధనమువలన సుఖము లేదని ఆయన అనలేదు. సౌకర్యము కలుగునని అంగీకరించియే దాని హద్దును చూపెను. బిడ్డల చదువునకు, పెద్దల వైద్యమునకు రూకలు వెదకుకొను గృహస్థులమైన మనకు ఈ భేదము మిక్కిలి అవసరము. సంపాదన మానవలెనా యన్నది మైత్రేయి సందేహము కాదు. సంపాదించినది ఎంతవరకు తోడువచ్చునన్నదే ఆమె సందేహము.

ఈ సంవాదము ఆ ఉపనిషత్తులో ద్వితీయ, చతుర్థాధ్యాయములయందు రెండుమార్లు కలదు. రెండవదాని చివర మహర్షి ఇల్లు విడిచి వెడలెను. ఆ గోవుల ప్రస్తావన మాత్రము అచ్చట లేదు.