దీవిలో ఓ రాత్రి

ఇద్దరు స్నేహితులు, రెండు గాలాలు, రోడ్డే లేని అడవిలో సరస్సు ఒడ్డున ఓ చెక్క ఇల్లు... అక్కడికి చేర్చేది నీటిమీద వాలే బుల్లి విమానం! అలాస్కా, కెనడాల్లో ఇది మామూలే. చక్రాల బదులు పడవల్లాంటి తొట్లు బిగించిన ఆ విమానాలకు సరస్సే రన్‌వే. మనవాళ్లూ ఆ ముచ్చట చూశారు. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్‌ నుంచి శ్రీశైలానికి సీప్లేన్‌ను ప్రయోగాత్మకంగా నడిపారు.

విమానం లేకపోయినా ఆ సరదా కావాలంటే... లక్నవరం ఉందిగా! 2016లో భూపాలపల్లి జిల్లాలో చేరి, 2019 నుంచి ములుగు జిల్లాలో ఉన్న ఈ చెరువును 13వ శతాబ్దంలో కాకతీయులు తవ్వించారు. చుట్టూ కొండలు, అడవి. నీటి నడుమ దీవులు, వాటిపై కాటేజీలు. వేలాడే వంతెన దాటడం, పడవెక్కడం... పెద్దలకూ పండగే. జనగామ వాళ్లు వరంగల్‌, ములుగు మీదుగా, మహబూబాబాద్‌ వాళ్లు నర్సంపేట మీదుగా వెళ్లొచ్చు. వానాకాలం వెళ్లాక నిండుగా ఉన్న చెరువును చూడాలి.

అయితే ఒక్క మాట. ఈ చెరువు పుట్టింది విహారం కోసం కాదు, సాగు కోసం. తూములు ఎత్తితేనే దిగువ పొలాల్లో నాట్లు పడతాయి. అప్పుడు నీటిమట్టం తగ్గి దీవి అందం కాస్త మాసినా, రైతును తప్పుపట్టలేం. చేపలూ ఊళ్లోని మత్స్యకారుల బతుకుదెరువే. కాబట్టి గాలం వేసేముందు అక్కడివాళ్లను అడగాలి. తిరిగొచ్చేటప్పుడు ఖాళీ సీసాలు, పొట్లాల కాగితాలు సంచిలో వేసుకోవాలి. అతిథులుగా అంతమాత్రం చేస్తే చాలు!