వెబ్‌పేజీకీ ఉంది ఒక ఎంఐసీఆర్ పట్టీ

చెక్కు అడుగున తెల్లటి పట్టీలో కాస్త వింతగా కనిపించే అంకెలు ఉంటాయి. అవి ఎందుకో మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. పైన రాసే పేరు, మొత్తం మనుషులు చదువుకోవడానికి. కింది ఎంఐసీఆర్ పట్టీ యంత్రం చదువుకోవడానికి. అందులోని 9 అంకెల కోడ్‌లో మొదటి 3 ఊరిని, తర్వాతి 3 బ్యాంకును, చివరి 3 శాఖను చెబుతాయి.

వెబ్‌పేజీలకూ ఇలాంటి ఏర్పాటే ఒకటుంది. దాని పేరు స్ట్రక్చర్డ్ డేటా. ఇంట్లో ఎవరైనా వంటల వెబ్‌సైట్ నడుపుతున్నా, పచ్చళ్లో చీరలో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నా ఇది తెలిసి ఉండటం మంచిది.

గోంగూర పచ్చడి గురించి ఒక పేజీ రాశారనుకోండి. అందులో ‘30 నిమిషాలు’ అని ఉంటే అది ఆకు ఆరబెట్టే సమయమా, వేయించే సమయమా? మనం చదవగానే గ్రహిస్తాం. సెర్చ్ ఇంజన్ ఊహించుకోవాలి. ఆ ఊహ అవసరం లేకుండా పేజీ కోడ్‌లో, పాఠకులకు కనిపించని చోట, ఒక చిన్న పట్టిక పెడతారు: ఇది వంటకం, దీని పేరు ఇది, కావలసినవి ఇవి, వండే సమయం ఇంత అని. సమయం కూడా యంత్రం భాషలోనే ఉండాలి. 30 నిమిషాలను ‘పీటీ30ఎం’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు.

ఏ వివరాన్ని ఏ పేరుతో పిలవాలో అందరికీ ఒకే పద్ధతి ఉండాలని 2011 జూన్‌లో గూగుల్, బింగ్, యాహూ కలిసి స్కీమా డాట్ ఆర్గ్ అనే ఉమ్మడి పదకోశాన్ని మొదలుపెట్టాయి. పోటీ సంస్థలు ఇలా ఒక మాట మీదకు రావడం అరుదే. ఆ వివరాలను పేజీలో రాయడానికి ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతి జేసన్-ఎల్‌డీ.

ఫలితం ఏమిటంటే, వెతికినప్పుడు మీ పేజీ పేరు పక్కన వంటకం ఫొటో, పట్టే సమయం, రేటింగ్ నక్షత్రాలు కనిపించే అవకాశం ఉంటుంది. అవకాశం మాత్రమే. తప్పక చూపిస్తామని గూగుల్ ఎక్కడా హామీ ఇవ్వదు. ‘స్కీమా పెడితే మొదటి పేజీలో మొదటి స్థానం’ అని వేలకు వేలు అడిగేవారికి డబ్బు ఇవ్వకండి. వర్డ్‌ప్రెస్ వాడేవారికి ఈ పని చేసే ఉచిత ప్లగిన్‌లు ఉన్నాయి. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి గూగుల్ వారి రిచ్ రిజల్ట్స్ టెస్ట్ కూడా ఉచితమే.

పాత వీడియోలు చూసి నేర్చుకునేవారు ఒకటి గమనించాలి. ప్రశ్నలు-జవాబుల మార్కప్‌కు ఇచ్చే ప్రత్యేక ప్రదర్శనను గూగుల్ 2023లో పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకే పరిమితం చేసింది. ఒక వ్యాపారం తన సొంత సైట్‌లో తన గురించి తానే పెట్టుకున్న నక్షత్రాలను 2019 నుంచే చూపడం మానేసింది. పేజీలో కనిపించని సంగతిని మార్కప్‌లో రాస్తే ఆ ప్రత్యేక ప్రదర్శన మొత్తానికే పోవచ్చు.

ఇక మనకు మరింత ముఖ్యమైన విషయం. ఈ పదకోశంలో బ్యాంకులకు కూడా ఒక విభాగం ఉంది: ఫోన్ నంబరు, చిరునామా, పనివేళలు. అయితే ఎవరి పేజీలో వారు ఏమైనా రాసుకోవచ్చు. చెప్పింది నిజమేనని సెర్చ్ ఇంజన్ పూచీ పడదు. నకిలీ కస్టమర్ కేర్ పేజీ నడిపే మోసగాడికీ ఈ పట్టిక రాయడం వచ్చు. కాబట్టి వెతికితే చక్కగా పెట్టెలో వచ్చిన నంబరు కదా అని నమ్మకూడదు. పాస్‌బుక్ మీదో డెబిట్ కార్డు వెనకో ఉన్న నంబరుకే ఫోన్ చేయాలి.

సైట్‌ను పోల్చుకోవడానికి ఇప్పుడు ఒక గుర్తు ఉంది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాకు మారాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. ఈ చిరునామాలు ఇచ్చే ఏకైక రిజిస్ట్రార్ హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీయే. మొదటి గీటుకు ముందు, చిరునామా చివర ఆ మాటలు ఉండాలి. మధ్యలో ఎక్కడో ఉంటే లెక్కలోకి రాదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఆ తర్వాత శాఖకు చెప్పండి.