పాత లైబ్రరీ ఫైళ్లు తీసేసే ముందు... లినక్స్ ఇన్‌స్టాల్ స్క్రిప్టులో పాటించవలసిన జాగ్రత్తలు



లైబ్రరీ అనగానే మనకు పుస్తకాల బీరువా గుర్తుకొస్తుంది. కంప్యూటర్లో కూడా లైబ్రరీలు ఉంటాయి. అయితే అవి పుస్తకాలు కావు, చాలా ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే పనిముట్లు. అక్షరాలను తెర మీద చూపించడం, ఫోటో తెరవడం, ఇంటర్నెట్‌లో సమాచారాన్ని రహస్యంగా పంపడం వంటి పనులను ప్రతి ప్రోగ్రామూ మళ్లీ మొదటినుంచీ రాసుకోదు. ఒకచోట ఉన్న లైబ్రరీ ఫైలునే అన్నీ పిలుచుకుంటాయి. హాస్టల్లో ఎన్ని గదులున్నా వంటశాల ఒక్కటే ఉన్నట్టు!

హాస్టళ్లలో చదువుకుని కంప్యూటర్ పనుల్లోకి వెళ్లిన మేము, లినక్స్ నేర్చుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ వార్షికోత్సవ సంచికలో ఒక పని గురించి చెప్పదలచాం. కొత్త ప్రోగ్రామును ఎక్కించే స్క్రిప్టు పాత లైబ్రరీ ఫైళ్లను ఎలా తీసేయాలి? చూడటానికి ఇది ఒక్క వరుస పని. ఆ ఒక్క వరుస వల్లే మొత్తం కంప్యూటర్ ఖాళీ అయిన సందర్భాలున్నాయి.

మనకెందుకు ఈ గొడవ?

లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్‌కు లైసెన్సు డబ్బు కట్టనక్కర్లేదు. పాత కంప్యూటర్ల మీద కూడా నడిచే రకాలున్నాయి. తెలుగులో దీన్ని అందించడానికి హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ సంస్థ పాటుపడింది. చేతిలో డబ్బు లేని విద్యార్థికి ఇంతకన్నా మంచి బడి లేదు.

కానీ మన దగ్గర ఒక కంప్యూటరు ఒక్కరిది కాదు. అందులో ఒకరి ప్రాజెక్టు, ఇంకొకరి స్కాలర్‌షిప్ దరఖాస్తు, మరొకరి కుల, ఆదాయ ధ్రువపత్రాల స్కాన్ కాపీలు ఉంటాయి. చాలాసార్లు వేరే కాపీ ఉండదు. అవి పోతే మళ్లీ కార్యాలయాల చుట్టూ తిరగాలి. కూలికి వెళ్లే తండ్రికి అది ఒక రోజు కూలి నష్టం. అందుకే ఈ జాగ్రత్త మనకు ఇతరులకన్నా ఎక్కువ అవసరం.

పేరు చివర అంకెల అర్థం

లినక్స్‌లో ఉమ్మడి లైబ్రరీ పేరు చివర ‘.ఎస్ఓ’ అని, దాని తర్వాత అంకెలు ఉంటాయి. ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ప్రసిద్ధ లైబ్రరీనే తీసుకుందాం. పాతది ‘లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.1.1’, కొత్తది ‘లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.3’. ఆ అంకె మారిందంటే పాత ప్రోగ్రాములకు కొత్త ఫైలు సరిపోదని అర్థం. 1.1 కావాలని అడిగే ప్రోగ్రాముకు 3 ఇస్తే తీసుకోదు. 2022లో వచ్చిన ఉబుంటు 22.04లో 1.1ను తొలగించారు. దాన్నే నమ్ముకున్న పాత ప్రోగ్రాములు ‘ఆ ఫైలు కనబడలేదు’ అంటూ మొరాయించాయి.

మన కణేకల్ చెరువుకు తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లొస్తాయి. కొత్త తూము కట్టాం కదా అని పాత తూమును వెంటనే పూడ్చేస్తే, దాని కింద ఇంకా తడుస్తున్న మడి ఎండిపోతుంది. ముందు ఆయకట్టు చూసుకోవాలి. లైబ్రరీ ఫైలు సంగతీ అంతే. పాతది, కొత్తది రెండూ పక్కపక్కనే ఉండవచ్చు. పాతదాన్ని ఎవరూ వాడటం లేదని తేలాకే తీయాలి.

మరి అసలు తీయడం ఎందుకు? పాతవాటిలో భద్రతా లోపాలు ఉండిపోతాయి. పైగా మనం చేత్తో ఎక్కించిన పాత ఫైలు ‘/యూఎస్ఆర్/లోకల్/లిబ్’లో ఉండిపోతే, చాలా లినక్స్‌లలో దాన్నే ముందు వెతుకుతారు. కొత్త ప్రోగ్రాము పాత లైబ్రరీతో కలిసి అర్థంకాని తప్పులు చూపిస్తుంది. కాబట్టి శుభ్రం చేయాల్సిందే, కానీ పద్ధతి ప్రకారం.

ప్రపంచానికి పాఠం చెప్పిన రెండు సంఘటనలు

2011లో ‘బంబుల్‌బీ’ అనే ప్రోగ్రాము ఇన్‌స్టాల్ స్క్రిప్టులో ఒక వరుస ఉండేది. ఎన్‌విడియాకు చెందిన పాత ఫైలును ‘/యూఎస్ఆర్/లిబ్’ లోపలి నుంచి తీసేయడం దాని ఉద్దేశం. రాసేటప్పుడు ‘/యూఎస్ఆర్’ తర్వాత ఒక ఖాళీ జాగా పడింది. కంప్యూటర్ దాన్ని రెండు పేర్లుగా చదివింది. మొదటి పేరు ‘/యూఎస్ఆర్’ కాబట్టి ఆ డైరెక్టరీ మొత్తాన్ని తుడిచేసింది. ప్రోగ్రాములూ లైబ్రరీలూ ఎక్కువగా ఉండేది అక్కడే.

2015 జనవరిలో బయటపడిన రెండోది ‘స్టీమ్’ అనే ఆటల ప్రోగ్రాముది. తాను ఉన్న డైరెక్టరీ పేరును ఒక చరరాశిలో పెట్టుకుని, అందులోని ఫైళ్లన్నీ తీసేయమని స్క్రిప్టు చెప్పేది. కొన్ని పరిస్థితుల్లో ఆ చరరాశి ఖాళీగా మిగిలేది. అప్పుడు ఆజ్ఞలో మిగిలేది ‘/*’ మాత్రమే, అంటే కంప్యూటర్ వేరు దగ్గర నుంచి అన్నీ. ఒక వినియోగదారుడికి తన ఫైళ్లతో పాటు, కాపీలు దాచుకున్న బయటి డిస్కులోవి కూడా పోయాయి. ఆ వరుస పైన రాసినవారే ‘భయం’ అని అర్థం వచ్చే మాట రాసుకున్నారు! భయం వేసినప్పుడు దాన్ని రాసి ఊరుకుంటే చాలదు, అక్కడ ఒక తనిఖీ పెట్టాలి.

పద్ధతి

1. మనం పెట్టినదే మనం తీయాలి. ‘/లిబ్’, ‘/యూఎస్ఆర్/లిబ్’ ప్యాకేజీ మేనేజర్ ఆధీనంలో ఉంటాయి. డెబియన్, ఉబుంటులలో ‘డీపీకేజీ’ ఆజ్ఞకు పెద్ద ‘ఎస్’ జోడించి ఫైలు పేరు ఇస్తే అది ఏ ప్యాకేజీదో చెబుతుంది. ప్యాకేజీది అయితే చేత్తో తీయవద్దు. అవసరం తీరినవాటిని ‘ఆప్ట్ ఆటోరిమూవ్’ చూసుకుంటుంది.

2. ఎక్కించేటప్పుడే జాబితా రాసుకోవాలి. స్క్రిప్టు ఏ ఫైలును ఎక్కడ పెట్టిందో ఒక ఫైలులో నమోదు చేస్తే, తర్వాత ఆ జాబితాలోవే తీయవచ్చు. నక్షత్రం గుర్తును నమ్మవద్దు. ‘లిబ్‌రామ*’ అంటే ‘లిబ్‌రామయ్య’ కూడా పోతుంది.

3. స్క్రిప్టు మొదట్లో ‘సెట్ -ఈయు’ పెట్టాలి. విలువ ఇవ్వని చరరాశి కనబడినా, చాలావరకు ఏ ఆజ్ఞ విఫలమైనా అక్కడే ఆగిపోతుంది. విలువ ఇచ్చినా ఖాళీగా ఉన్న చరరాశిని మాత్రం ఇది పట్టుకోదు. దాన్ని విడిగా పరీక్షించాలి. పేర్లను జంట ఉల్లేఖన గుర్తుల మధ్య రాయాలి. అప్పుడు పేరులో ఖాళీ జాగా ఉన్నా అది రెండు ముక్కలు కాదు.

4. ముందు చూపించాలి, తర్వాత చేయాలి. తీసేయబోయే ఫైళ్ల పేర్లను తెర మీద చూపించి, ‘అవును’ అన్నాకే ముందుకు పోవాలి.

5. ఎవరు వాడుతున్నారో చూడాలి. ఒక ప్రోగ్రాముకు ఏ లైబ్రరీలు కావాలో ‘ఎల్‌డీడీ’ చెబుతుంది. (నమ్మకం లేని ప్రోగ్రాముల మీద దీన్ని వాడకూడదు.) ప్రస్తుతం ఎవరు తెరిచి ఉంచారో ‘ఎల్ఎస్ఓఎఫ్’ చెబుతుంది.

6. కొత్తది ముందు, పాతది తర్వాత. కొత్త ఫైలును వేరే పేరుతో తెచ్చి, ఆ తర్వాత పేరు మార్చి పెట్టాలి. నడుస్తున్న ప్రోగ్రాము వాడుతున్న ఫైలు మీదనే నేరుగా రాస్తే ఆ ప్రోగ్రాము కుప్పకూలవచ్చు. పిమ్మట ‘ఎల్‌డీకాన్ఫిగ్’ నడిపి, ప్రోగ్రాము పనిచేస్తోందో లేదో పరీక్షించాలి.

7. తుడిచేయకుండా పక్కకు జరపాలి. అయితే అదే డైరెక్టరీలో పేరు చివర ‘పాతది’ అని తగిలించి ఉంచకూడదు. ‘ఎల్‌డీకాన్ఫిగ్’ పేరులో ‘లిబ్’, ‘.ఎస్ఓ’ ఉన్న ఫైళ్లన్నిటినీ చూస్తుంది. మనం దాచిన పాతదానికే మళ్లీ లింకు పెట్టే ప్రమాదం ఉంది. పూర్తిగా వేరే డైరెక్టరీలోకి మార్చి, కొన్నాళ్లు చూసి, ఇబ్బంది లేకపోతే అప్పుడు తీసేయాలి.

అస్సలు ముట్టుకోకూడనిది

‘లిబ్‌సీ.ఎస్ఓ.6’ అనే ఫైలు ఉంది. సాధారణ లినక్స్‌లలో ఫైళ్లను చూపించే, కాపీ చేసే, జరిపే ఆజ్ఞలన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. అది పోతే దాన్ని తిరిగి పెట్టడానికి వాడాల్సిన ఆజ్ఞ కూడా లేవదు. బావిలో పడ్డ చేదను అదే చేదతో తీయలేం కదా! అలాంటప్పుడు కంప్యూటర్‌ను ఆపేసి, లినక్స్ ఉన్న సీడీ లేదా పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టి, ముందు అందరి ఫైళ్లనూ వేరే డిస్కులోకి తీసుకోవాలి. మరమ్మతు ఆ తర్వాత.

చివరగా

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ‘రూట్’ అధికారంతో స్క్రిప్టు నడుపుతున్నామంటే మన స్నేహితులందరి ఫైళ్ల మీద మనకు అధికారం ఉన్నట్టే. తెలియని స్క్రిప్టును నడిపే ముందు ఒకసారి తెరిచి, ‘ఆర్ఎం’ అనే రెండక్షరాలు ఎక్కడున్నాయో వెతకండి. ఆ వరుసను నెమ్మదిగా చదవండి. చరరాశి ఖాళీ అయితే ఏమవుతుందో కాగితం మీద రాసి చూడండి. స్క్రిప్టు నడిపే ముందు మీ సర్టిఫికెట్లను, పక్కవారి సర్టిఫికెట్లను ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్ నుంచి ఊడదీసి పెట్టండి. 2015 సంఘటనలో తగిలించి ఉన్న డిస్కు కూడా ఖాళీ అయిందన్న సంగతి మరువకండి.