ప్రతులు దాచుకొనుట

కంప్యూటరునందలి వ్రాతలును, చిత్రములును ఒక్కచోటనే యున్నచో, ఆ యంత్రము చెడిననాడు అవియు నశింపవచ్చును. 1998వ సంవత్సరమున అమెరికాలోని పిక్సార్ సంస్థయందు ‘టాయ్ స్టోరీ 2’ చలనచిత్రపు దస్త్రములు పొరపాటున చెఱిపివేయబడెను. దాచిన ప్రతులును సరిగా లేకపోయెను. ఒక యుద్యోగిని తన యింటి కంప్యూటరునందుంచుకొనిన ప్రతివలననే ఆ శ్రమ చాలవఱకు దక్కెను.

కావున ప్రతులు మూడుండవలెను. అవి రెండు విధములైన సాధనములయందుండవలెను. అందొకటి వేఱొక యూరనో, వేఱొక యింటనో యుండవలెను. ఇల్లు కాలినను, వఱద వచ్చినను ఆ యొక్కటి మిగులును. అంతియగాక, దాచినదానిని అప్పుడప్పుడు తెఱచి చూడవలెను. తెఱచి చూడని ప్రతిని నమ్మరాదు.

విద్యార్థులారా! దినచర్య వ్రాసికొనువారు వారమునకొకసారి ప్రతి తీసికొనుడు. వ్రాయుటకు పట్టిన కాలముతో పోల్చిన, ఇది స్వల్పము.