బొమ్మబండికి టైరు దొరికింది, మరి ట్రాలీకో?

మానవపాడు: ఎద్దుల జత బండ లాగుతుంటే ఊరు ఊరంతా చుట్టూ చేరి ఈలలు వేయడం నడిగడ్డలో పాత ముచ్చటే. పాలపళ్ల విభాగం, రెండు పళ్లు, నాలుగు పళ్లు అంటూ ఎద్దు పళ్లు చూసి జతలు కట్టడం, ఇచ్చిన గడువులో బండ ఎన్ని అడుగులు సాగిందో టేపు పట్టి కొలవడం ఇక్కడి పిల్లలకు కూడా కంఠతా వచ్చు. అమెరికాలో మోటారు బండ్లకూ ఇలాంటి పందెమే ఉంది. దాని పేరు డ్రాగ్ రేస్. మలుపులు ఉండవు. రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి, దీపం వెలగగానే తిన్నగా దూసుకుపోతాయి. ముందు గీత దాటిన బండిదే గెలుపు.

ఈ పందెపు బండి బొమ్మను పుస్తకంలో చూసిన ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు అలాంటిదే చిన్నది చేయాలని కూర్చున్నాడు. వాడు ఈ విలేఖరికి మేనల్లుడే. చెక్క దొరికింది, పాత ఆటబొమ్మలోని మోటారు దొరికింది, బ్యాటరీ దొరికింది. దొరకనిది ఒక్కటే, టైరు. నెల రోజులు దాని కోసమే తిరగవలసి వచ్చింది.

చక్రం తిరిగె, బండి కదలకపాయె

మొదట ప్లాస్టిక్ చక్రాలు వేశాడు. మీట నొక్కగానే అవి గిర్రున తిరిగాయి గానీ బండి ఉన్నచోటనే ఉంది. "మామా, మోటరుకు బలముంది గదా, ఎందుకు పోతలేదు?" అని అడిగాడు. నల్లరేగడిలో ట్రాక్టరు దిగబడినప్పుడు జరిగేదీ ఇదే. ఇంజను ఎంత గింజుకున్నా చక్రానికి నేల పట్టు చిక్కకపోతే బలమంతా వృథా.

ట్రాక్టరు వెనక టైర్లలో ముప్పావు వంతు దాకా నీళ్లు నింపడం మన రైతులకు తెలిసిన కిటుకే. బరువు చక్రం మీద పడితే పట్టు పెరుగుతుంది. కుర్రవాడు బ్యాటరీని ముందు నుంచి తీసి వెనక ఇరుసు మీదకు జరిపాడు. బండి కొంచెం కదిలింది. మరీ వెనక్కు జరిపితే ముందు చక్రాలు గాలిలోకి లేచాయి. వెనక బరువెక్కువైతే ఎద్దుల బండి నొగలు పైకి లేచినట్టే.

అసలు పందెపు బండి కొలతలు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అన్నింటికంటే వేగమైన తరగతి బండికి ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 25 అడుగులు. వెనక టైరు ఎత్తు 36 అంగుళాలు, వెడల్పు పదిహేడున్నర అంగుళాలు. ముందు చక్రాలు మాత్రం సన్నగా ఉంటాయి, దారి చూపడం తప్ప వాటికి వేరే పని లేదు. ఈ లెక్కలన్నిటినీ 24తో భాగిస్తే బొమ్మబండి కొలతలు వస్తాయి. పొడవు పన్నెండున్నర అంగుళాలు, వెనక టైరు ఎత్తు అంగుళంన్నర, వెడల్పు ముప్పావు అంగుళానికి కాస్త తక్కువ.

కర్నూలు దాకా తిరిగినా

ఆ కొలత టైర్ల కోసం రైలెక్కి కర్నూలు బజారుకు వెళ్లాము. ఆటబొమ్మల అంగళ్లలో దొరికినవి గట్టి ప్లాస్టిక్కువి. రబ్బరువి ఒకటి రెండు ఉన్నా ఇరుసు రంధ్రం కలవలేదు, వెడల్పు చాలలేదు. చివరికి తిరిగి వచ్చి మన ఊరి పద్ధతికే దిగాము.

పాత హవాయి చెప్పును గుండ్రంగా కోసి చక్రాలు చేసుకోవడం ఇక్కడ ప్రతి ఇంటి ముచ్చటే. జొన్న బెండ్లతో బండి కట్టినవారు, తాటికాయలకు పుల్ల గుచ్చి దొర్లించినవారు ఈ మాటకు నవ్వుకుంటారు. చెప్పు చక్రం నేలను బాగా పట్టింది. కాని కత్తితో కోసింది కాబట్టి గుండ్రం సరిగా కుదరక బండి ఎగురుతూ పోయింది.

అప్పుడు వడ్రంగి ఒకాయన చిన్న చెక్క చక్రాలు గుండ్రంగా తీసి ఇచ్చాడు. వాటి చుట్టూ చెప్పు స్పాంజి పట్టీ అంటించాము. సైకిలు ట్యూబును అడ్డంగా ముప్పావు అంగుళం కోస్తే ఉంగరంలా వచ్చింది. దాన్ని సాగదీసి పైన తొడిగాము. లోపల మెత్తన, పైన పట్టు. తరువాత బండిని ఎత్తి పట్టుకొని మోటారు తిప్పుతూ చక్రానికి ఉప్పు కాగితం ఆనించాము. ఎగుడుదిగుడులు అరిగిపోయి చక్రం గుండ్రానికి వచ్చింది. పట్నాలలో బొమ్మకార్ల పందేలు ఆడేవారు కూడా స్పాంజి రబ్బరు టైర్లనే ఇలా అరగదీసి వాడతారు.

ఇదే తరహాలో చేయదలచిన పిల్లలకు మరో మాట. చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. అంగుళం చక్రం ఒక చుట్టుకు మూడు అంగుళాల పైచిలుకు సాగితే, అంగుళంన్నర చక్రం నాలుగున్నర దాటుతుంది. కాని చిన్న మోటారు పెద్ద చక్రాన్ని కదల్చలేక మూలుగుతుంది. బలాన్ని బట్టి చక్రం ఎంచుకోవాలి. ఇంకొకటి, దుమ్ము. వరండా బండల మీద దుమ్ము ఉంటే ఏ టైరైనా జారుతుంది. నేల ఊడ్చి, టైరును తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చాక వదిలితే బండి తీరే మారిపోతుంది.

కొడుకు కోసం తండ్రి చేసిన టైరు

పిల్లవాడి బండికి టైరు వెతుక్కోవడం మనతో మొదలైంది కాదు. లోకమంతా తిరుగుతున్న గాలి టైరు అలాగే పుట్టింది. ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ పట్టణంలో జాన్ బాయిడ్ డన్లప్ అనే పశువుల డాక్టరు ఉండేవాడు. కొడుకు తొక్కే మూడు చక్రాల బండి రాళ్ల దారిలో గడగడలాడుతుంటే చూడలేక, చెక్క చక్రానికి గాలి నింపిన రబ్బరు గొట్టం చుట్టి గుడ్డతో బిగించాడు. దానినీ పాత చక్రాన్నీ పెరట్లో దొర్లించి చూశాడు. పాతది మధ్యలోనే పడిపోగా గాలి చక్రం పెరటి చివరి దాకా వెళ్లింది. 1888 ఫిబ్రవరి ఆఖరులో కొడుకు ఆ టైర్ల మీద బండి తొక్కాడు.

అలాంటి ఆలోచన థామ్సన్ అనే మరొకాయన 1845లోనే చేసినా అప్పట్లో వాడుకలోకి రాలేదు. డన్లప్ టైర్లను చూసి కూడా జనం మొదట నవ్వారు. 1889లో బెల్‌ఫాస్ట్ సైకిలు పందేలలో విలియం హ్యూమ్ అనే ఆటగాడు ఆ టైర్లతో గెలిచాక నవ్వులు ఆగాయి. ఇనుప పట్టా కాల్చి ఎక్కించిన చక్రాల స్థానంలో మన పల్లెల్లోకి టైర్ల బండ్లు వచ్చింది ఆ దారినే.

కుర్రవాడి ప్రశ్న

పందెపు రోజు రానే వచ్చింది. అసలు పందెపు దూరం మొదట పావు మైలు, అంటే 1320 అడుగులు. 2008లో ఒక పోటీదారు ప్రాణం పోయాక వేగమైన తరగతులకు దాన్ని వెయ్యి అడుగులకు తగ్గించారు. వెయ్యిని 24తో భాగిస్తే 42 అడుగులు. అంత దూరం సుద్దతో గీత గీసి ఇద్దరు కుర్రవాళ్లు బండ్లు వదిలారు. మావాడి బండి తిన్నగానే పోయింది గానీ జానెడు తేడాతో ఓడింది. అవతలివాడి మోటారు బలమైనది. మావాడు పెద్దగా బాధపడలేదు. వాడి మనసు మరో దాని మీద ఉంది.

"మామా, పుస్తకంలో పందెం బండి టైరు నున్నగనే ఉంది గదా. అమ్మ పత్తికి పోయే ట్రాలీ టైర్లు గూడ నున్నగనే ఉన్నయి. మరి అవి మంచివేనా?"

ఈ ప్రశ్నకు జవాబు ఊరందరికీ తెలియవలసి ఉంది. మంచివి కావు. పందెపు టైరును చాలా మెత్తని రబ్బరుతో చేస్తారు. గాలి పది పౌండ్ల లోపే పెడతారు. పందేనికి ముందు నీళ్ల మీద గిర్రున తిప్పి, పొగలు వచ్చేలా వేడిచేస్తారు. అప్పుడది జిగురులా నేలకు అంటుకుంటుంది. అది కూడా పొడి నేల మీదనే. చినుకు పడితే పందెం ఆపేస్తారు, ఎందుకంటే నీటిని పక్కకు తోసే గాళ్లు ఆ టైరుకు ఉండవు.

ట్రాలీ టైరు అలాంటిది కాదు. ఏళ్ల తరబడి ఎండకు ఎండి గట్టిపడి, గాళ్లు అరిగిపోయి నున్నబడినది. మెత్తదనమూ లేదు, గాళ్లూ లేవు. వానలో రోడ్డు మీద బ్రేకు వేస్తే జారడం, బరువెక్కితే పగలడం దాని గుణం. లారీలు, కార్ల వంటి వాటి టైర్లకు కనీసం 1.6 మిల్లీమీటర్ల లోతు గాడి ఉండాలన్నది మోటారు వాహనాల నిబంధన. ట్రాలీలో మనుషులను ఎక్కించడమే నిబంధనలకు విరుద్ధం. అయినా పత్తి తీతలు, మిరప కోతలు వచ్చాయంటే తెల్లవారుజామున ఆడకూలీలు నిండిన ట్రాలీలు హైవే ఎక్కుతూనే ఉన్నాయి.

మరునాడు మా అక్క ట్రాలీ ఎక్కే ముందు వంగి టైరు చూసింది. పక్కనున్న ఆడవాళ్లకూ చూపించింది. ఒక టైరు పక్కభాగం చీలి లోపలి నూలు కనిపిస్తోంది. "మా పిల్లోడు బొమ్మబండికే నెల దినాలు టైరు దేవులాడినాడు. మేము మనుషులం గాదా?" అని అడిగింది. యజమాని మొదట విసుక్కున్నాడు. ఆడవాళ్లు ఎవరూ ఎక్కకపోయేసరికి ఆ రోజుకు ఆటో మాట్లాడాడు. వారం తిరిగేసరికి ఆ ఒక్క టైరు మార్చాడు. రెండోది ఇంకా మార్చవలసే ఉంది.

కుర్రవాడు ఇప్పుడు బలమైన మోటారు వెతుకుతున్నాడు. టైర్లు మాత్రం అవే ఉంచుతానంటున్నాడు.